మనవాడికీ మనవడికీ ఒక్క దీర్ఘమే తేడా

మొన్న ఒక ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలికెళ్ళిన కుర్రాడు ఫైలు విప్పకముందే పెద్దాయన పక్కాయన చెవి దగ్గరికి వంగి "మనవాడేనండీ" అన్నారు. వంగారన్న మాటే గానీ బెంచీ దాకా వినబడింది.

ఇక పరీక్ష మొదలైంది. "నాన్నగారు కులాసానా?" కులాసానే అన్నాడు. ఒప్పు. "అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా?" కాసేపు ఆలోచించి "కొంచెం" అన్నాడు. "చూశారా, తొందరపడి నోరు జారడు!" మూడోది పొరపాటున సబ్జెక్టులోకి వెళ్ళింది. తెలీదన్నాడు. "నిజాయితీ! ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుందండీ?" అందరూ తలలూపారు.

ఇదేం కొత్త విద్య కాదు లెండి. 1534లో మూడో పాల్ పోపు అయ్యారో లేదో, పద్నాలుగేళ్ళ మనవడినీ పదహారేళ్ళ మనవడినీ చర్చిలో పోపు తర్వాత అంతటివాళ్ళైన కార్డినల్స్‌ని చేసేశారు. ఇటాలియన్‌లో 'నిపోతే' అంటే మేనల్లుడూ, మనవడూ కూడా. బంధుప్రీతిని ఇంగ్లీషులో నెపోటిజం అంటారే, ఆ మాటకు అదే మూలం. మనకైతే అంత దూరం అక్కర్లేదు, మనవడికి ఒక దీర్ఘం తగిలిస్తే చాలు, మనవాడైపోతాడు. చివరికి 1692లో పన్నెండో ఇన్నొసెంట్ అనే పోపు ఈ పద్ధతిని నిషేధించారు. నిషేధిస్తూనే, అర్హుడైతే బంధువుల్లో ఒక్కడికి మాత్రం కార్డినల్ పదవి ఇచ్చుకోవచ్చన్నారు. ఆ ఒక్క కుర్చీనే ఎవరో మోసుకొచ్చి ఈ గదిలో వేసినట్టున్నారు.

తర్వాత ఒకమ్మాయి వెళ్ళింది. నాన్నగారి కులాసా ఎవరూ అడగలేదు. వరసగా ఐదు ప్రశ్నలకు గుక్క తిప్పుకోకుండా జవాబులు చెప్పింది. ఆరోదానికి "తెలీదండీ" అంది. "ప్రిపరేషన్ చాలదమ్మా."

అదేమిటయ్యా? పావుగంట కింద ఇదే గదిలో, ఇదే మాట నిజాయితీ కదా! ఉద్యోగం మీవాడికే ఇచ్చుకోండి, ఎలాగూ ఇచ్చేశారు. ఆ పిల్లకి ఏమీ రాదని ఆమెనే నమ్మించి పంపడం ఎందుకు? ఆమె ఇంటికెళ్ళి ఆ ఆరో ప్రశ్నే రాత్రంతా చదువుతుంది.

బయటికొచ్చి సర్టిఫికెట్లు ఒక్కొక్కటే సర్దుకుంటోంది. మనవాడు ఫోన్ జేబులో పెట్టుకుని, మర్యాదగానే అడిగాడు.

"ఇంతకీ ఇది ఏ పోస్టుకండీ?"