మెగలడాన్ వచ్చేదాకా ఊపిరి బిగబట్టండి

ఈమధ్య ఫోన్లో ఏ వీడియో తెరిచినా జురాసిక్ సముద్రంలో కుస్తీ పోటీ నడుస్తోంది. ఒక మూల నుంచి 25 మీటర్ల లయోప్లూరోడాన్, ఇంకో మూల నుంచి మోససారస్ (రెండూ ఒకనాటి సముద్రపు సరీసృపాలు), నడిమధ్య మెగలడాన్ సొరచేప. వెనక డప్పుల మోత. "ఎవరు గెలిచారో చూస్తే మీ మైండ్ బ్లాక్!" అని గొంతు చించుకునే వ్యాఖ్యాత. బ్లాకైన మాట నిజమే, కారణమే వేరు.

నిర్వాహకుల ఓపికకు దండం పెట్టాలి. లయోప్లూరోడాన్ బతికింది సుమారు 16 కోట్ల ఏళ్ళ క్రితం. మోససారస్ రావడానికి అప్పటికింకా 8 కోట్ల ఏళ్ళుంది. అంటే పాపం, పేరిచ్చిన పాపానికి లయోప్లూరోడాన్ 8 కోట్ల ఏళ్ళు బరిలోనే పడుండాలి. అది ఊపిరితిత్తుల జీవి, గాలి కోసం పైకి తేలక తప్పదు. తేలినప్పుడల్లా "అవతలి పార్టీ వచ్చిందా?" అని వాకబు. "దార్లో ఉన్నారు" అని సమాధానం. ఎట్టకేలకు మోససారస్ వచ్చింది. ఇక మొదలెడదామంటే ముఖ్య అతిథి మెగలడాన్ గారు రాలేదు. వారు రావడానికి ఇంకో ఐదారు కోట్ల ఏళ్ళు. ఈలోగా 6.6 కోట్ల ఏళ్ళ నాడు ఆకాశం నుంచి గ్రహశకలం వచ్చి పడింది, మోససారస్ వంశం మొత్తం పోయింది. అయినా పోటీ రద్దు కాలేదు, ఎందుకంటే స్పాన్సర్ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నారు! నిజానికి కాలం లెక్కలో ఆ చివరి మోససారస్‌లకి లయోప్లూరోడాన్ కన్నా మనమే దగ్గర.

ఆ 25 మీటర్లూ ఎక్కడివంటే 1999లో వచ్చిన ఒక టీవీ ధారావాహికవి. దొరికిన పుర్రెల్ని బట్టి లెక్క కడితే 6, 7 మీటర్లు. మిగతా 18 మీటర్లు గ్రాఫిక్స్ వాళ్ళ స్వార్జితం.

అసలు జురాసిక్ సముద్రంలో ఏం జరిగిందో చెబితే ఎవరూ చూడరట. ఇంగ్లండ్‌లో పీటర్‌బరో దగ్గర ఇటుకల కోసం బంకమట్టి తవ్విన గోతుల్లో, ఆల్ఫ్రెడ్ లీడ్స్ అనే ఆసామి పోగుచేసిన ఎముకల్లో ఉంది ఆ కథ. ఆక్స్‌ఫర్డ్ క్లే అంటారు ఆ మట్టిని. అప్పట్లో అక్కడ లోతు పెద్దగా లేని వెచ్చని సముద్రం ఉండేది. పొడుగు మెడ క్రిప్టోక్లైడస్, సూదుల్లాంటి సన్నని పళ్ళతో చిన్నచిన్న జీవాల్ని పట్టేది. పొడుగు మూతి టెలియోసారాయిడ్లు, మొసళ్ళకు దూరపు చుట్టాలు, చేపల్ని గుచ్చి పట్టేవి. 22 సెంటీమీటర్ల కంటిగుడ్డుతో ఆఫ్తాల్మోసారస్ మసక వెలుతురులో వేటాడేది. లయోప్లూరోడాన్ పెద్ద జంతువుల మీద పడేది. ఎవరి పని వారిది, ఎవరి తిండి వారిది.

తర్వాత సముద్రం లోతెక్కింది. మధ్యలో ఆక్స్‌ఫర్డియన్ అనే కాలపు పొరల్లో పళ్ళు దొరకడమే గగనం. దాన్ని దాటి ఇంగ్లండ్‌లోనే డోర్సెట్ తీరంలోని కిమ్మెరిడ్జ్ క్లే అనే తర్వాతి మట్టి పొర దగ్గరికొస్తే ఊరు ఊరే మారిపోయింది. చేపల్ని గుచ్చే పొడుగు మూతులు చాలావరకు కనుమరుగు. మిగిలిన మాకిమోసారస్‌కి మొద్దు పళ్ళు, తాబేటి డిప్పల్లాంటి గట్టి తిండికి పనికొచ్చేవి. సముద్రపు మొసలి డాకోసారస్ పంటి అంచున రంపపు నొక్కులు. దాని బంధువు టోర్వోన్యూస్టిస్ పంటికి మొద్దు కొన, దాని మీద గరుకు గీతలు, కొరికి నలపడానికి. లయోప్లూరోడాన్ జాగాలో దాని చుట్టం ప్లయోసారస్. మాయాజాలమేమీ లేదు. లోతు మారింది, తిండి మారింది, దాంతో పళ్ళు మారాయి.

ఇదంతా తేల్చింది పళ్ళతోనే. పన్ను ఎత్తెంత, మొదట్లో వెడల్పెంత, కొన వాడిదా మొద్దుదా, అంచుకి నొక్కులున్నాయా, ఎంత వంపు. వీటిని బట్టి గుచ్చేవి, కోసేవి, నలిపేవి అని విడగొట్టే పద్ధతి 1987లో జూడీ మసారే పెట్టింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి డేవిడే ఫోఫా బృందం అలాంటి కొలతలతోనే ఆ సముద్రపు 1.8 కోట్ల ఏళ్ళ చరిత్ర లాగి 2018లో ప్రచురించింది. ఇన్నేళ్ళలోనూ ఈ తిండి బృందాలు ఒకదాని కంచంలో ఒకటి పెద్దగా చెయ్యి పెట్టలేదని తేలింది. కుస్తీలు పెట్టేవాళ్ళకి ఇంతకన్నా చేదు వార్త ఉండదు.

ఇక నవ్వడం నా వల్ల కాదు. ఒక పన్ను ఏ పొరలో, ఏ ఎత్తులో దొరికిందో చీటీ రాసి పెడితేనే అది చరిత్రకు పనికొస్తుంది. చీటీ లేకుండా నెట్‌లో "రాక్షస సముద్ర డైనోసార్ పన్ను" అని అమ్మేవాడు, కొని షోకేసులో పెట్టేవాడు, దాన్ని చూపించి వ్యూస్ దండుకునేవాడు, ముగ్గురూ కలిసి ఒక ఆధారాన్ని చంపేస్తున్నారు. తవ్వేసిన పొర మళ్ళీ రాదురా బాబూ! సరిగ్గా ఆ కిమ్మెరిడ్జ్ మట్టి నాటి కిమ్మెరిడ్జియన్ కాలపు ఇక్తియోసార్ (చేప ఆకారపు సముద్ర సరీసృపం), సుమారు ఐదున్నర మీటర్లది, మన దేశంలోనే కచ్‌లోని లోడాయి దగ్గర దొరికింది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్ బృందం 2017లో ప్రకటించింది. భారత్‌లో దొరికిన మొదటి జురాసిక్ ఇక్తియోసార్. దాని పళ్ళు అరిగి ఉన్నాయి, అంటే గట్టి పెంకుల తిండి తినేది. తెలుగు పేరున్న మనిషి చేసిన పనికి మన ఛానళ్ళలో ఎన్ని వీడియోలొచ్చాయి? మెగలడాన్‌కి మాత్రం వారానికొకటి. సిగ్గనేది ఉందా?

సరే, మానమంటే మానరు. కనీసం ఈసారి బొమ్మ గీసేటప్పుడు లయోప్లూరోడాన్ పంటినే ప్లయోసారస్‌కి అతికించకండి. మొదటిదాని పన్ను అడ్డంగా కోస్తే గుండ్రం. రెండోదానిది మూడు పలకలు: బయటి పలక చదునుగా, దాదాపు నున్నగా ఉంటుంది, మిగతా రెండింటి మీదే నిలువు గీతలు.