గేటు బయటి ప్రాణాలు

1998 ఆగస్టు 7 ఉదయం. కెన్యా రాజధాని నైరోబీలో అమెరికా ఎంబసీ వెనుక గేటు దగ్గరికి పేలుడు పదార్థాలు నింపిన లారీ వచ్చి ఆగింది. ఎంత బెదిరించినా అక్కడి గార్డు గేటు తీయలేదు. అతని దగ్గర తుపాకీ కూడా లేదు. దుండగులు విసిరిన గ్రెనేడ్ చప్పుడుకు, ఏం జరిగిందో చూద్దామని చుట్టుపక్కల ఆఫీసుల్లో జనం కిటికీల దగ్గరికి వచ్చారు. అంతలోనే లారీ పేలింది. పగిలిన అద్దాలు గుచ్చుకుని ఎందరికో చూపు పోయింది. ఆ ఒక్క నగరంలోనే 213 మంది చనిపోయారు. వారిలో ఎంబసీ సిబ్బంది 44 మంది. ఆ 44 మందిలో అమెరికన్లు 12 మంది, స్థానిక ఉద్యోగులు 32 మంది. మిగిలినవాళ్లు పక్క భవనాల్లో పనిచేస్తున్నవారు, బస్సుల్లో వెళ్తున్నవారు, రోడ్డున పోతున్నవారు. అదే ఉదయం టాంజానియాలోని దారెస్సలాంలో అమెరికా ఎంబసీ దగ్గర మరో పేలుడులో 11 మంది బలయ్యారు. వారిలో ఒక్క అమెరికన్ కూడా లేరు.

విదేశాల్లో దౌత్యవేత్తలకు ఉన్న ముప్పు గురించి మాట్లాడేటప్పుడు మనకు రాయబారులే గుర్తొస్తారు. అందుకు కారణం లేకపోలేదు. 1984లో బర్మింగ్‌హామ్‌లో భారత దౌత్యవేత్త రవీంద్ర మాత్రేను కిడ్నాప్ చేసి చంపేశారు. 2012లో లిబియాలోని బెంఘాజీలో జరిగిన దాడిలో అమెరికా రాయబారి క్రిస్ స్టీవెన్స్ మరణించారు. 2016లో అంకారాలో రష్యా రాయబారి ఆండ్రీ కార్లోవ్ ఒక ఫొటో ప్రదర్శనలో మాట్లాడుతుండగా, వెనకాల నిలబడ్డ టర్కీ పోలీసే ఆయన్ని కాల్చి చంపాడు. పరాయి దేశంలో నలుగురినీ కలవడమే వారి ఉద్యోగం. తలుపులు వేసుకుని కూర్చుంటే ఆ పని జరగదు. ఆ తెగువకు మేము చేతులెత్తి నమస్కరిస్తున్నాం. అయితే వారి పక్కనే ఉండి అదే ప్రమాదాన్ని పంచుకున్నవారిని ప్రపంచం త్వరగా మరిచిపోతోంది. 2021 ఫిబ్రవరిలో తూర్పు కాంగోలో ఇటలీ రాయబారి లూకా అట్టనాసియో హత్యకు గురైన వార్త అన్ని దేశాల్లోనూ వచ్చింది. ఆయనతో పాటు అంగరక్షకుడు, కాంగో దేశస్థుడైన డ్రైవర్ కూడా చనిపోయారు. ఆ డ్రైవర్ గురించి ఎంతమంది చదివి ఉంటారు?

2008 జులై 7న కాబూల్‌లోని భారత ఎంబసీ గేటు దగ్గర కారు బాంబు పేలినప్పుడూ ఇలాగే జరిగింది. బ్రిగేడియర్ రవి దత్ మెహతా, దౌత్యాధికారి వెంకటేశ్వరరావు, ఎంబసీకి కాపలా ఉన్న ఇద్దరు ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం) జవాన్లు ప్రాణాలు అర్పించారు. ఆ రోజు మొత్తం 58 మంది పోయారు. అందులో ఎక్కువమంది అఫ్గాన్లే. వీసా కోసం క్యూలో నిలబడ్డవారు కూడా వారిలో ఉన్నారు.

చట్టం ఏమంటుంది? 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం దౌత్య కార్యాలయాన్ని కాపాడటం ఆతిథ్య దేశానికి ప్రత్యేక బాధ్యత. 1979లో ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లోని అమెరికా ఎంబసీ విషయంలో ఆ బాధ్యతను గాలికొదిలేసి, 52 మంది అమెరికన్లను 444 రోజులు బందీలుగా ఉంచినప్పుడు, అది తప్పేనని అంతర్జాతీయ న్యాయస్థానం 1980లో స్పష్టంగా తీర్పు చెప్పింది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అదే ఒప్పందంలోని 38వ అధికరణం చూడండి. ఎంబసీలో పనిచేసే స్థానిక పౌరులకు ఆ దేశ ప్రభుత్వం ఇష్టపడి ఎంత ఇస్తే అంతే రక్షణ. 44వ అధికరణం ఇంకా స్పష్టం. యుద్ధం వచ్చినా దౌత్య సిబ్బంది క్షేమంగా వెళ్లిపోవడానికి ఏర్పాట్లు చేయాలి, ఆతిథ్య దేశపు సొంత పౌరులకు తప్ప. అంటే ఇరవై ఏళ్లు అనువాదకుడిగా పనిచేసిన మనిషికి, విమానం ఎక్కే రోజున ఆ ఉద్యోగం ఏ రక్షణా ఇవ్వదు. ఒక దేశం తన పౌరుల మీద అధికారాన్ని వదులుకోదన్న వాదన ఉంది. అది మాకు అర్థమవుతుంది. కానీ ఆ మనిషికి ప్రమాదం తెచ్చిపెట్టింది ఎంబసీ ఉద్యోగమే కదా.

ఆ ప్రమాదం ఊహ కాదు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్లినప్పుడు, బ్రిటన్ ఎంబసీ ఆవరణలో అఫ్గాన్ సిబ్బంది, ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకున్నవారి వివరాలున్న కాగితాలు నేల మీద పడి ఉండగా విలేకరుల కంటపడ్డాయి. పేర్లు, చిరునామాలతో సహా! వెళ్లిపోయే హడావిడిలో కాగితాలు మిగిలిపోయాయంటే నమ్మవచ్చు. వాటి వల్ల ఎవరి ప్రాణం పోతుందో ముందే ఆలోచించకపోవడాన్ని మాత్రం క్షమించలేం. 2023 ఏప్రిల్‌లో సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో యుద్ధం మొదలవగానే పాశ్చాత్య దేశాల దౌత్యవేత్తలను విమానాల్లో తరలించారు. వీసా కోసం సూడాన్ పౌరులు ఇచ్చిన పాస్‌పోర్టులు కొన్ని ఎంబసీల్లో తాళాల వెనకే ఉండిపోయాయి. అమెరికా ఎంబసీ అయితే వాటిని ముక్కలు చేసేసింది. ఆ పాస్‌పోర్టులు లేక వాళ్లలో కొందరు సరిహద్దు దాటలేకపోయారు.

నైరోబీ తర్వాత ఎంబసీల గోడలు ఎత్తు పెరిగాయి. కొత్త భవనాలను రోడ్లకు దూరంగా కట్టారు. అది అవసరమే. నైరోబీ భవనం రోడ్డుకు మరీ దగ్గరగా ఉందని అప్పటి రాయబారి ప్రుడెన్స్ బుష్నెల్ వాషింగ్టన్‌కు ముందే మొరపెట్టుకున్నారు, వినలేదు. కానీ గోడ ఎంత లేపినా వీసా క్యూ దానికి ఇవతలే ఉంటుంది. గార్డూ ఇవతలే ఉంటాడు.

దీన్ని సరిదిద్దడానికి కొత్త ఒప్పందం కోసం ఏళ్ల తరబడి చర్చలు అక్కర్లేదు. ఎంబసీ తెరిచిన దేశమే తన నిబంధనలు మార్చుకోవచ్చు. తరలింపు ప్రణాళికలో స్థానిక సిబ్బంది, వారి కుటుంబాల పేర్లు మొదటి రోజు నుంచే ఉండాలి. వీసాలు అప్పటికప్పుడు కాకుండా ముందే సిద్ధం చేయాలి. గార్డు ఏజెన్సీ ద్వారా వచ్చాడా, నేరుగా చేరాడా అన్న తేడా చూడకుండా పరిహారం ఇవ్వాలి. జనం రోడ్డు మీద కాకుండా లోపల కూర్చునే ఏర్పాటు చేయాలి.

ఎంబసీ మూసేసినంత మాత్రాన ఈ బాధ్యత తీరిపోదు. యెమెన్ రాజధాని సనాలో అమెరికా ఎంబసీని 2015లో మూసేశారు. ఆ తర్వాత ఆరేళ్లకు, 2021 చివర్లో, అక్కడ పనిచేసిన యెమెన్ సిబ్బందిని, సనాను తమ చేతుల్లో ఉంచుకున్న హౌతీ తిరుగుబాటుదారులు పట్టుకెళ్లారు. కొందరిని వదిలారు. కొందరు ఏళ్ల తరబడి చెరలోనే మగ్గారు.