పొట్లంలో ఎన్ని మిల్లీగ్రాములు?

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కీళ్లు పట్టేసిన మనిషికి ఎటు చూసినా ఇబ్బందే. మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ బిళ్లలు కిడ్నీకి రక్తం తెచ్చే నాళాలను తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను తగ్గించేస్తాయి. రక్తంలో క్రియాటినిన్ ఇప్పటికే పెరిగినవారికి, అంటే కిడ్నీ సరిగా వడపోయనివారికి, అది మరింత చేటు. అవి వద్దనుకున్నవారు నాటువైద్యులు పొట్లం కట్టి ఇచ్చే ఆకుమందు, వేరుమందు వైపు మళ్లుతారు. చెట్టుమందు చెడు చేయదన్న ధీమా ఎంత ప్రమాదమో తెలియడానికి అడవినాభి ఒక్కటి చాలు.

వానాకాలంలో పొదల మీదికి పాకి ఎరుపు, పసుపు కలిసిన పూలు పూసే ఈ తీగ దుంపలోనూ గింజల్లోనూ కొల్చిసిన్ అనే ఆల్కలాయిడ్ (మొక్కల్లో ఉండే ఘాటైన రసాయనం) ఉంది. 1820లో ఫ్రెంచి రసాయనవేత్తలు పెలెటియే, కావెంతూ దీన్ని యూరప్ మొక్క కొల్చికం నుంచి మొదట వేరుచేశారు. నేడు తమిళనాడు రైతులు అడవినాభిని గింజల కోసమే సాగు చేస్తున్నారు. మార్ఫిన్‌లా ఇది మెదడు, నరాల మీద పనిచేసి నొప్పిని మరిపించేది కాదు. యూరిక్ ఆమ్లం కీళ్లలో యూరేట్ స్ఫటికాలుగా పేరుకుని వాపు తెచ్చే గౌట్ జబ్బులో, ఆ స్ఫటికాల చుట్టూ మూగే తెల్లరక్తకణాల్లోని ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని వాటి కదలికను కట్టేస్తుంది. వాపు తగ్గి, దానితో నొప్పీ తగ్గుతుంది. జీడితోటలో రోజంతా వంగి పనిచేసిన నడుముకు దీనితో ఒరిగేదేమీ లేదు. యూరిక్ ఆమ్లాన్ని ప్రధానంగా బయటికి పంపేది కిడ్నీయే కనుక అది దెబ్బతిన్నచోట గౌట్ కూడా ఎక్కువ. మందు కావలసినవారే దాన్ని తట్టుకోలేనివారు.

మోతాదు పెంచితే గుణం పెరుగుతుందనేవారు 2010లో వెలువడిన అమెరికా పరీక్ష ఫలితాలు చూడాలి. గౌట్ నొప్పి మొదలైన 184 మందిలో కొందరికి గంట వ్యవధిలో 1.8 మి.గ్రా., కొందరికి ఆరు గంటల్లో 4.8 మి.గ్రా. కొల్చిసిన్, మిగిలినవారికి మందులేని బిళ్లలు ఇచ్చారు. 24 గంటల్లో నొప్పి సగానికి తగ్గినవారు తక్కువ మోతాదులో సుమారు 38 శాతం, ఎక్కువ మోతాదులో 33 శాతం, ఉత్త బిళ్లతో 15 శాతం పైచిలుకు. విరేచనాలు మాత్రం 23 శాతం నుంచి 77 శాతానికి ఎగబాకాయి.

ఇప్పుడు పొట్లం సంగతి. ఎండుదుంపలో కొల్చిసిన్ 0.1 శాతం ఉంటే గ్రాము పొడిలో 1 మి.గ్రా., 0.3 శాతం ఉంటే 3 మి.గ్రా. రెండో రకం పొడి మూడు గ్రాములు మింగితే 9 మి.గ్రా. అయింది. 7 మి.గ్రా.కే ప్రాణం పోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. తవ్విన నేల, కాలం, తీగ వయసును బట్టి ఈ శాతం మారుతుంది. ఎండలో ఆరబెడితే కొంత భాగం వెలుతురుకు పనిచేయని లుమికొల్చిసిన్‌గా మారిపోతుంది కూడా. అందుకే పోయిన నెల పొట్లం పనిచేయలేదని ఈ నెల రెట్టింపు వేసుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ఆయుర్వేదం దీన్ని లాంగలి పేరుతో ఉపవిషాల్లో చేర్చి, గోమూత్రంలో శుద్ధి చేయాలని చెప్పింది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల షెడ్యూల్ ఈ(1) విషద్రవ్యాల జాబితాలోనూ ఉంది. శాస్త్రం చదివిన వైద్యుడికి ఉన్న భయం పొట్లం కట్టేవాడికే లేదు.

పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం ఈ పని చేపట్టాలని మేం కోరుతున్నాం. సంతల్లో, నాటువైద్యుల దగ్గర దొరికే నొప్పి పొడులను కొని, మిథనాల్‌తో సారం తీసి, మిశ్రమంలోని రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద ఆల్కలాయిడ్ శాతం కొలవాలి. ఒక్కో రకం నుంచి ఒకే నమూనా తీస్తే చాలదు; తవ్విన చోటు, నెల రాసి వేర్వేరుగా పరీక్షించాలి. ఆ పొడుల్లో డైక్లోఫెనాక్, స్టెరాయిడ్ కలిపారేమో కూడా అదే విడతలో చూడాలి. మందుగా పనికొస్తుందా అన్నది ఆ తర్వాతి మాట. ఆ పరీక్షలైనా కిడ్నీలు బాగున్నవారితో మొదలుపెట్టాలే తప్ప ఉద్దానం రోగులతో కాదు.

పైసా ఖర్చులేని పని ఇంకొకటుంది. డయాలసిస్‌కు వచ్చే ప్రతి ఒక్కరినీ వేరుమందులు వాడుతున్నారా అని, కసురుకోకుండా అడిగి కేస్ షీటులో రాయాలి. డయాలసిస్ కొల్చిసిన్‌ను బయటికి లాగలేదు. క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్ తోడైతే అది రక్తంలో మరింత పేరుకుంటుంది. మింగిన కొన్ని గంటలకు మొదలయ్యే వాంతులు, విరేచనాలు కలుషిత నీటివల్లే అనిపిస్తాయి. ఒకట్రెండు రోజుల్లో అవి నెమ్మదించాక ఎముకమూలుగ, గుండె, కిడ్నీ దెబ్బతినడం బయటపడుతుంది. కాబట్టి సెలైన్ ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపేయకూడదు. మిగిలిన పొడిని ఆసుపత్రికి వెంట తెమ్మని ఆశా కార్యకర్తల చేత ఊరూరా చెప్పించాలి.