సవరణ: ఆనకట్ట కూలింది, నేనే చూడలేదు

మొన్న ‘ఫోర్స్ టెన్ ఫ్రమ్ నవరోన్’ అనే ఇంగ్లీషు యుద్ధ సినిమా గురించి రాస్తూ రెండు తప్పులు చేశాను. చిన్నప్పుడు దాన్ని విశాఖ జగదాంబ థియేటరులో చూశానన్నాను. అక్క చదివి వెంటనే ఫోను చేసింది: “థియేటరేమిటిరా, మహారాణిపేటలో మన పక్కింటివాళ్ల వీసీఆర్‌లో కదా!” ఆమె మాటే నిజం. క్యాసెట్టు చివర్లో గీతలు పడి బొమ్మ ఆగిపోవడం కూడా అప్పుడే గుర్తొచ్చింది.

రెండో తప్పుకు మూలం ఆ గీతలే. బాంబులు పేలినా ఆనకట్ట చెక్కుచెదరదని, అంత చప్పగా ముగించారని దులిపేశాను. నిన్న రాత్రి మళ్లీ చూశాను. పేలుడు తర్వాత నిజంగానే కాసేపు ఏమీ జరగదు. ఆపైన గోడ మీద బీట కనిపిస్తుంది, నీరు చిమ్ముతుంది, గోడ విరిగిపడుతుంది. ఆ వరదకు కిందనున్న వంతెన కూలిపోతుంది. కథలో సైనికుల అసలు ఎత్తుగడే అది: వంతెనను నేరుగా పేల్చలేరు కాబట్టి, ఆ పని నీటి చేత చేయించడం.

లెక్కపెడితే తప్పులు మూడు. 1961 నాటి మొదటి సినిమా ‘ద గన్స్ ఆఫ్ నవరోన్’ నటులే ఇందులోనూ ఉన్నారని రాశాను. కాదు. గ్రెగరీ పెక్ పాత్రను 1978లో రాబర్ట్ షా, డేవిడ్ నివెన్ పాత్రను ఎడ్వర్డ్ ఫాక్స్ వేశారు. పాపం, షా సినిమా విడుదలకు ముందే చనిపోయారు.

సినిమా బాగాలేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. డిసెంబరులో నేవీ డేకి ఆర్కే బీచిలో అసలు హెలికాప్టర్లను చూసి పెరిగినవాళ్లం. ఆ బొమ్మ ఆనకట్ట అప్పుడూ కంటికి ఆనలేదు, ఇప్పుడూ ఆనడం లేదు.