పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ గారికి, పర్లాకిమిడి నుంచి

అయ్యా,

జావా అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం మొదలయ్యే వాక్యం మీరే గదా, మీ పేరు పూర్తిగా రాస్తే కవరు మీద ఊరి పేరుకు చోటుండదు. పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్, పక్కన బ్రాకెట్లో స్ట్రింగ్, మళ్లీ చదరపు బ్రాకెట్లు, ఆర్గ్స్. పెళ్లి సంకల్పంలో ప్రవర చదివినంత తంతు. అంతా అయ్యాక కుర్రాడికి స్క్రీన్ మీద దక్కే ప్రసాదం ‘హలో వరల్డ్’.

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు చేరింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలకు ఇంగ్లీషు, ఈ మూడూ మోస్తున్న మా గుంటల నెత్తిన కాలేజీలో మీరెక్కారు. ఆ మూడింట్లో అర్థం కానిది ఉంటే అడగొచ్చు. మీ సంగతి అడగకూడదు. “ఏటి సార్ ఈ స్టాటిక్?” అని ఏ కుర్రాడైనా అన్నాడో, “ఇప్పటికి రాసుకోరా, తర్వాత చెప్తాను” అని జవాబు. ఆ ‘తర్వాత’ వచ్చేలోపు సెమిస్టరు అయిపోతుంది.

మీలో అంత బ్రహ్మరహస్యం ఏమీ లేదు. ప్రోగ్రాం మొదలుపెట్టే జేవీఎం, అంటే జావాను నడిపించే సాఫ్ట్‌వేర్, బయటి నుంచి వచ్చి పిలవాలి గనక పబ్లిక్. జావాలో క్లాసంటే అచ్చు, ఆబ్జెక్టంటే ఆ అచ్చులో పోసిన బొమ్మ; అప్పటికి ఆ క్లాసులో ఒక్క ఆబ్జెక్టూ పుట్టి ఉండదు, క్లాసు పేరు పట్టుకునే పిలవాలి గనక స్టాటిక్. తిరిగి ఇచ్చేదేమీ లేదు గనక వాయిడ్. కమాండ్ లైన్లో, అంటే ప్రోగ్రాం నడిపించమని ఆజ్ఞ టైపు చేసే చోట, ఎవరైనా నాలుగు మాటలు రాస్తే అందుకోవడానికి ఆర్గ్స్, మా పిల్లలెవరూ ఆ పని చెయ్యగా నేను చూళ్లేదు. టీ చల్లారేలోపు చెప్పేయొచ్చు. చెప్పరు.

మీ కొలువులో పట్టింపులు మరీ విచిత్రం. మెయిన్‌లో ‘ఎమ్’ పెద్దక్షరం పడితే మనం రాసినదాన్ని యంత్రం కోసం అనువదించే కంపైలర్ మారుమాటాడదు, తీరా నడిపించబోతే అసలు మెయినే కనబడలేదంటారు. అదే 1 నుంచి 13 దాకా అంకెలన్నీ గుణించే 13 ఫ్యాక్టోరియల్‌ని ఇంట్ అనే పూర్ణాంకాల డబ్బా‌లో కట్టమంటే, 6227020800 రావలసిన చోట 1932053504 అని దర్జాగా చూపిస్తారు. ఇంట్‌లో 2147483647కి మించి పట్టదని ఒక్క ముక్క హెచ్చరిక ఉండదు. అక్షరం తేడా వస్తే ఊరంతా గోల, నాలుగు వందల కోట్ల పైన తేడా వస్తే నిమ్మళం! ఆ అంకె మా కుర్రాడి ల్యాబు రికార్డులోకెక్కింది, పక్కన ఎర్ర టిక్కూ పడింది.

మా ఊరికి ఈ తగాదా పాతదే. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఇక్కడే. పిల్లలకు అంతుపట్టని గ్రాంథికాన్ని వల్లె వేయించడమేమిటని, వాడుక భాషలో చదువు చెప్పమని ఆయన పోరాడారు. ఆయన నడిచిన వీధుల్లో ఇవాళ మీరు గ్రాంథిక జావాగా ఊరేగుతున్నారు.

మీ పుట్టింటివాళ్లకే జ్ఞానోదయం అయింది, మీకు కబురందిందో లేదో. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ బయటపెట్టిన జావా, 2025 సెప్టెంబరులో 25వ వెర్షన్‌కి వచ్చేసరికి వాడుక భాష పట్టింది. మొదటి పాఠానికి క్లాసు అక్కర్లేదు, పబ్లిక్ అక్కర్లేదు, స్టాటిక్, ఆర్గ్స్ అసలే అక్కర్లేదు. ఉత్త వాయిడ్ మెయిన్ రాసి, లోపల ఒక ప్రింట్ వాక్యం పెడితే నడుస్తుంది. ఇక వేరియబుల్‌కి ‘మార్కులు’ అని తెలుగు లిపిలో పేరు పెట్టినా, ఒడియా లిపిలో పెట్టినా జావా ఎప్పటినుంచో కాదనదు. కాదనేది పరీక్షకొచ్చే ఎక్స్‌టర్నలే.

కాబట్టి మనవి. మీరు ఉద్యోగం మానక్కర్లేదు, పెద్ద ప్రోగ్రాముల్లో మీ పెద్దరికం మీదే. మొదటి నెల మాత్రం సెలవు పెట్టండి. పిల్లలు లూపులూ, అరేలూ సాధన చేసి, ఆబ్జెక్టు అంటే ఏమిటో తెలుసుకున్నాక కబురు పెడతాను. సెలవు మంజూరవుతుందని నాకూ ఆశ లేదు లెండి. మా పిల్లల ల్యాబులో కంప్యూటర్లకు ఎక్కించింది 2014 నాటి 8వ వెర్షను. అందులో మీ పేరు ప్రవరతో సహా చదవందే ఏ పనీ కాదు.

ఇట్లు,
సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకునే ఒకడు