మొసలికి గోత్రం అంటగట్టొద్దు

బోట్స్వానాలోని ట్స్వానా జనాల్లో మీ వాళ్లెవరని ఎవర్నైనా అడగాలంటే పాత పద్ధతిలో "ఓ బినా ఎంగ్?" అంటారు. మీరు దేనికి నాట్యం చేస్తారు అని. మొసలికి అంటే క్వేనా వాళ్లు, సింహానికి అంటే తౌంగ్ వాళ్లు, కోతికి అంటే ఖట్లా వాళ్లు. ఇనుముకి నాట్యం చేసే రొలాంగ్ వాళ్లూ ఉన్నారు. దక్షిణాఫ్రికాలో కైజర్ చీఫ్స్ ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టిన కైజర్ మొతౌంగ్ ఇంటిపేరుకి అర్థం 'సింహం వాడు' అనే.

వినగానే మనకు "ఓహో, గోత్రం" అనిపిస్తుంది. అక్కడే పప్పులో కాలేస్తాం. గోత్రం మొట్టమొదట చెప్పేది ఎవర్ని చేసుకోకూడదో. ట్స్వానాలకు దగ్గరి జనమైన సోతోలు సెబొకో అని పిలిచే ఈ గుర్తుకి ఆ పనే లేదు. మొసలి వాళ్లబ్బాయి మొసలి వాళ్లమ్మాయిని నిక్షేపంగా చేసుకోవచ్చు. అంతెందుకు, "చిన్నాన్న కొడకా, నన్ను చేసుకో, పశువులు మన దొడ్డికే తిరిగొస్తాయి" అని వాళ్లకో సామెత ఉంది. ఓలిగా ఇచ్చే ఆవులు బయటి ఇంటికి పోవని లెక్క. మేనరికాలు చేసుకునే మనకే గుండె ఆగే మాట!

మరి సెబొకో చెప్పేదేంటి? ఏ రాజు నీడన ఉన్నావో. అది నెత్తురు లెక్క కాదు, పొత్తు లెక్క. బమంగ్వాటోలనే ట్స్వానా తెగ ఒకప్పుడు మొసలి వాళ్లే. అన్నదమ్ముల తగవులో తరుముతుంటే వాళ్ల మూలపురుషుడు న్గ్వాటో ఓ పొదలో దాక్కున్నాడట. అందులోంచి ఫుతి అనే చిన్న జింక బయటికొచ్చింది. మనిషుంటే జింక ఉంటుందా అని వెంటపడ్డవాళ్లు వెనక్కి తిరిగారట. అప్పట్నుంచి దాని మాంసం ముట్టరు. సెరోవే ఊళ్లో వాళ్ల రాజు మూడో ఖామా సమాధి మీద కంచు ఫుతి నిలబడి ఉంటుంది. కథ నిజమో కాదో నాకనవసరం. రాజ్యం వేరైంది, జంతువు మారింది, అదీ సంగతి. పెడీలూ అంతే, ఖట్లాల నుంచి విడిపోయి ముళ్లపందిని పట్టుకున్నారు. దత్తత వెళ్లకుండా గోత్రం మార్చుకున్న మగాణ్ని మనలో ఒక్కణ్ని చూపించండి.

మొసలి కనిపిస్తే క్వేనాలు నేల మీద ఉమ్మేవారనీ, దాని తోక దెబ్బకు నీళ్లు మీద పడినవాణ్ని కూడా వెలేసేవారనీ వాళ్ల మధ్య బతికిన మిషనరీ లివింగ్‌స్టన్ రాశాడు. ఇంత భయభక్తులున్నది ఒట్టి రాజకీయమా అని అడగొచ్చు. సరే, భక్తి ఉంది. జెండా మీద కూడా ఉంటుంది.

1824లో థాబా బోసియు కొండెక్కిన సోతోల రాజు మొష్వేష్వే మొసలి వంశం వాడు. యుద్ధాలకు చెదిరి వచ్చిన సింహం వాళ్లనీ కుందేలు వాళ్లనీ చేర్చుకునే రాజ్యం కట్టాడు. లెసోతో రాజముద్ర మీద ఇవాళ్టికీ మొసలే ఉంది, సింహాలు మాత్రం సింహాలుగానే మిగిలాయి.

రిజిస్టర్లు రాసే సర్కార్లకు ఇలాంటి కలగలుపు గిట్టదు. 1833లో థాబా న్చు దగ్గర ఇనుము వాళ్లయిన రొలాంగులు మొష్వేష్వే ఒప్పుకోలుతో స్థిరపడ్డారు. 1977లో దక్షిణాఫ్రికా అపార్థైడ్ (వర్ణవివక్ష) ప్రభుత్వం ఆ చోటును తీసుకెళ్లి, 'స్వతంత్ర' దేశమని తానే ప్రకటించిన బొఫుతట్స్వానాలో ఒక ముక్కగా కలిపింది. అది ట్స్వానాలకట. క్వేనాలు సోతోల్లోనూ ఉన్నారు, ట్స్వానాల్లోనూ ఉన్నారు. సర్కారు పుస్తకంలో మాత్రం ఒక్కో మనిషికి ఒకటే గడి. తరాలుగా అక్కడే ఉన్న సోతోలు పరాయివాళ్లయిపోయారు, పోలీసులు వెంటపడ్డారు. 1979 నుంచి వాళ్లను పక్కనున్న బీడు నేలకు తరలించారు. ఆ ఊరి పేరు బోత్షాబేలో. తలదాచుకునే చోటు అని అర్థం.