ఐస్‌లాండ్ కథల్లో కొండలు కాదు, గడ్డి చూడండి

ఐస్‌లాండ్ సాహిత్యం గురించి ఎవరు పోస్ట్ పెట్టినా పక్కన ఒక అగ్నిపర్వతం ఫొటో ఉండాల్సిందే. కింద "ఆ ప్రకృతే వాళ్ల చేత రాయించింది" అని ఓ మాట. చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

13వ శతాబ్దంలో రాసిన అక్కడి సాగాలు, అంటే పాత వచన కథలు, తెరవండి. ప్రకృతి వర్ణన దాదాపు ఉండదు. ఫలానా కొండ, ఫలానా ఏరు అని చెప్పేసి కథ ముందుకెళ్లిపోతుంది. ఏ పొలం ఎవరిది, ఎవరికి ఎవరేమవుతారు, చలికాలం గడవడానికి ఎవరి దగ్గర ఎంత గడ్డి ఉంది... గొడవంతా దీని గురించే.

న్యాల్ సాగానే తీసుకోండి. ఒక కరువు ఏడాది గున్నార్ ఇంట్లో గడ్డీ తిండీ రెండూ అయిపోతాయి. ఓట్కెల్ అనే ఆసామి దగ్గర రెండూ దండిగా ఉన్నాయి. డబ్బిస్తానన్నా అమ్మడు. సంగతి తెలిసి న్యాల్ పదిహేను గుర్రాల మీద గడ్డి, ఐదు గుర్రాల మీద తిండి వేసుకొచ్చి స్నేహితుడికి ఇస్తాడు. అయితే గున్నార్ భార్య హాల్‌గెర్డ్ ఊరుకునే రకం కాదు. బానిసను పంపి ఓట్కెల్ ఇంటి నుంచి వెన్న, జున్ను దొంగతనం చేయిస్తుంది. అది తెలిసి గున్నార్ ఆమె చెంప పగలగొడతాడు. ఏళ్ల తర్వాత శత్రువులు ఇల్లు చుట్టుముట్టి, వింటినారి తెగిపోయినప్పుడు, నీ జుట్టులోంచి రెండు పాయలివ్వమని ఆమెనే అడగాల్సొస్తుంది. ఆమె ఆ చెంపదెబ్బ గుర్తుచేసి ఇవ్వనంటుంది. గడ్డి దగ్గర మొదలైన గొడవ మనిషి ప్రాణం దాకా వచ్చింది చూడండి.

అందరూ ఎత్తిచూపే ఘట్టం ఇంకోటుంది. దేశం విడిచి వెళ్లాల్సిన గున్నార్ గుర్రం తడబడితే కిందికి దూకి, వెనక్కి తిరిగి తన ఊరి కొండవాలు చూసి, ఇంత అందంగా ఎప్పుడూ లేదంటాడు. ఇక వెళ్లనని ఇంటికొచ్చేస్తాడు. అదే అతని చావుకొచ్చింది. ఇంతకీ అతను చూసిందేమిటి? పండిన చేను, కోసిన గడ్డి పొలం! అది రైతు చూపు, టూరిస్టు చూపు కాదు.

ఆ నేల మీద గడ్డి అంటే ఏమిటో 1783లో లాకి అగ్నిపర్వతం బద్దలైనప్పుడు తెలిసింది. లావా కంటే దాని పొగలోని విషం పెద్ద దెబ్బ కొట్టింది. అది గడ్డికి పట్టి పశువులు చచ్చాయి, తర్వాత వచ్చిన కరువులో జనాభాలో సుమారు ఐదో వంతు పోయారు. అగ్నిపర్వతం ఫొటో పెట్టేవాళ్లు ఇదీ రాయొచ్చు కదా.

ఆ మాటకొస్తే పాతకాలపు పుస్తకాలూ గడ్డి తిన్న దూడల చర్మాలే. ఫ్లాటేయార్‌బోక్ అనే ఒక్క రాతప్రతికే 113 దూడలు కావాల్సొచ్చాయంటారు. ఒకప్పుడు ఐస్‌లాండ్‌ని ఏలిన డెన్మార్క్ 1971లో దాన్ని తిరిగిచ్చినప్పుడు రాజధాని రేక్యావిక్ రేవుకి జనం విరగబడి వచ్చారు.

1955లో నోబెల్ అందుకున్న హాల్డోర్ లాక్స్‌నెస్ ఈ సంగతిని అందరికంటే మొండిగా రాశాడు. ఆయన 'ఇండిపెండెంట్ పీపుల్' నవలలో బ్యార్తుర్ పద్దెనిమిదేళ్లు ఒకరి దగ్గర పనిచేసి సొంత భూమి కొంటాడు. అక్కణ్నుంచి గొర్రెలే లోకం. కడుపుతో ఉన్న భార్య ఆకలికి తాళలేక ఒక గొర్రెను కోసుకు తింటుంది. ఈయన అది తప్పిపోయిందనుకుని మంచులో వెతుక్కుంటూ పోతాడు. తిరిగొచ్చేసరికి ఆమె కాన్పులో చనిపోయి ఉంటుంది, కుక్క ఒంటి వెచ్చదనంతో పసిపాప బతికి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ధరలు పెరిగితే అప్పు చేసి ఇల్లు కడతాడు, ధరలు పడిపోయాక అంతా పోతుంది. బ్యార్తుర్‌ని మహావీరుడని మెచ్చుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాడి స్వాతంత్ర్యానికి వెల కట్టింది ఇంట్లో ఆడవాళ్లు.

చదవాలనుకుంటే న్యాల్ సాగాతో మొదలుపెట్టండి. వంశావళి వచ్చినచోట పేజీ తిప్పేసినా ఫర్వాలేదు, గడ్డి బేరం దగ్గర మాత్రం తిప్పకండి.